ఎండ నుండి చర్మ రక్షణ

ఎండ నుండి చర్మ రక్షణ అనగా సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల వల్ల చర్మానికి, కళ్ళకు కలిగే హానిని నీడ, దుస్తులు, లేపనాల సహాయంతో తగ్గించుకొనుట. ఈ కిరణాల వల్ల చర్మం కమిలిపోవడం, త్వరగా ముడతలు పడడం, కంటిలో శుక్లాలు ఏర్పడడం, కొన్ని రకాల చర్మ క్యాన్సర్లు రావడం జరుగుతుంది. తెల్లని చర్మం గల జాతులలో ఈ క్యాన్సర్లు ఎక్కువ. భారతీయులలో తక్కువే అయినా, వచ్చినప్పుడు తరచుగా ఆలస్యంగా బయటపడుతుంటాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల వలె పగలంతా ఆరుబయట పని జరిగే చోట ఈ విషయాలు తెలిసి ఉండడం అవసరం.

సూర్యకాంతి, చర్మవర్ణం

అతినీలలోహిత కిరణాలు మూడు రకాలు: ఎ, బి, సి. వీటిలో సి రకాన్ని వాతావరణంలోని ఓజోన్ పూర్తిగా అడ్డుకుంటుంది. బి రకంలో కొంత భాగం భూమిని చేరి చర్మాన్ని కమిలిస్తుంది. ఎ రకం కిరణాలు చర్మంలో మరింత లోతుకు పోతాయి. కిటికీ అద్దం వీటిని పూర్తిగా ఆపలేదు.

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. కిరణాలు తగిలినపుడు చర్మకణాలలోని డి.ఎన్.ఎ. దెబ్బతింటుంది. దానికి ప్రతిగా శరీరం మెలనిన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. కాబట్టి ఎండకు నల్లబడడం ఆరోగ్యానికి గుర్తు కాదు, దెబ్బ తగిలిందనడానికి గుర్తు. సహజంగా నల్లని లేక చామనఛాయ చర్మానికి పుట్టుకతోనే కొంత రక్షణ ఉంది. అయితే అది సంపూర్ణ రక్షణ కాదు.

ఏలూరు - కొల్లేరు ప్రాంతం

ఏలూరు సుమారు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. అందువలన ఏటా మే మొదటి వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మొదటిది దాళ్వా కోతలు ముగిసే కాలం, రెండవది సార్వా నాట్ల కాలం. నాట్ల రోజులలో ఆకాశం మబ్బుగా ఉండి చల్లగా అనిపించినా, పలుచని మబ్బు గుండా 80 శాతం వరకు అతినీలలోహిత కిరణాలు దిగగలవు. వేడి సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఎక్కువైతే, ఈ కిరణాల తీవ్రత 12 గంటల ప్రాంతంలో ఎక్కువ. వడదెబ్బ వేరు, కిరణాల దెబ్బ వేరు.

కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువులలో పడవలపై మేత సంచులు కట్టేవారు, వలలు లాగేవారు నీడ లేని చోట పనిచేస్తారు. నీటిపై పడిన కిరణాలలో కొంత భాగం పైకి పరావర్తనం చెందడం వలన టోపీ ఉన్నా ముఖానికి ఎండ తగులుతుంది. నాట్లలోను, కలుపులోను స్త్రీలు చీరపై పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం, పురుషులు తలపాగా చుట్టుకోవడం, పూర్వం తాటాకు గొడుగులు వాడడం ఈ ప్రాంతపు అలవాట్లు. ఇవి శాస్త్రీయంగా కూడా మంచి పద్ధతులే.

రంగు మోజు

ఐరోపా, అమెరికాలలో 1920 దశకం నుండి ఎండకు కమిలిన రంగు అందానికి, తీరికకు చిహ్నమైంది. తరువాత కృత్రిమ కాంతినిచ్చే పడకలు వచ్చాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో వీటిని మానవులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. అదే సంవత్సరం బ్రెజిల్ వీటిని నిషేధించింది. ఆస్ట్రేలియాలో 1981లో చొక్కా తొడుక్కో, లేపనం రాసుకో, టోపీ పెట్టుకో అనే భావంతో పెద్ద ప్రచారం మొదలైంది.

తెలుగునాట ఒత్తిడి దీనికి విరుద్ధమైనది. రాముడిని, కృష్ణుడిని నల్లనివారిగా కొలిచే సమాజమే పెళ్ళి సంబంధాలలో తెల్లని పిల్లను కోరుతుంది. "ఎండలో తిరిగితే నల్లబడతావు" అనే హెచ్చరిక ఎక్కువగా ఆడపిల్లలకే వినబడుతుంది. దీనివల్ల ఎండ హాని అంటే నల్లబడడమే అన్న అపోహ ఏర్పడింది. పొలంలో పనిచేసే మగవారికి ఆ హెచ్చరిక కూడా అందదు.

భారతదేశంలో 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అనే లేపనం పేరు 2020లో గ్లో అండ్ లవ్లీగా మారింది. తెల్లబడడానికి బీటామెథసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ మందులు గల లేపనాలను వైద్యుని సలహా లేకుండా వాడడం ఇంకా ప్రమాదకరం. వీటివల్ల చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, మానగానే మంట ఎక్కువవుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ లేపనాలను చీటీ లేకుండా అమ్మరాదని కట్టుదిట్టం చేసింది. పాదరసం కలిసిన లేపనాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మెలనిన్‌ను తగ్గించే మందులన్నీ సహజ రక్షణను కూడా తగ్గిస్తాయి.

చర్మ క్యాన్సర్

చర్మ క్యాన్సర్లలో ముఖ్యమైనవి మూడు: బేసల్ కణ క్యాన్సర్, స్క్వేమస్ కణ క్యాన్సర్, మెలనోమా. మొదటి రెండు తెల్లనివారిలో ఎక్కువగా ముఖం, చెవులు, మెడ వంటి ఎండ తగిలే చోట్ల వస్తాయి. నల్లనివారిలో స్క్వేమస్ క్యాన్సర్ పాత కాలిన మచ్చలపై, ఏళ్ళ తరబడి మానని పుండ్లపై కూడా వస్తుంది. నల్లనివారిలో మెలనోమా తరచుగా అరికాలు, అరచేయి, గోరు క్రింద పుడుతుంది. దీనికి ఎండ ముఖ్య కారణం కాదు. 1981లో మరణించిన జమైకా గాయకుడు బాబ్ మార్లీకి ఇది కాలి వేలి గోటి క్రింద మొదలైనది.

బురదలో చెప్పులు లేకుండా పనిచేసేవారు ఇటువంటి మచ్చను ముల్లు గుచ్చుకున్న గుర్తుగానో, ఆనెకాయగానో, కమిలిన రక్తంగానో భావించే అవకాశం ఉంది. ఈ క్రింది లక్షణాలు కనిపిస్తే చర్మవైద్యునికి చూపించాలి:

* నాలుగు వారాలకు పైగా మానని పుండు
* రంగు, ఆకారం, పరిమాణం మారుతున్న మచ్చ లేక పుట్టుమచ్చ
* అరికాలిలో కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్లమచ్చ
* గోటిలో వెడల్పవుతున్న నల్లని గీత, గోటి మొదటి చర్మానికి ప్రాకిన నలుపు
* పాత కాలిన మచ్చపై లేచిన కండ, రక్తస్రావం

ఇటువంటి మచ్చను ఇంట్లో బ్లేడుతో కోయడం, ఆకుపసరు కట్టి నెలలు గడపడం మంచిది కాదు. చిన్న ముక్క తీసి పరీక్షించి వైద్యులు నిర్ధారిస్తారు. తొలిదశలో శస్త్రచికిత్సతో చాలావరకు నయమవుతుంది.

రక్షణ పద్ధతులు

* నీడ పొడవు మనిషి ఎత్తు కంటే తక్కువగా ఉన్నపుడు కిరణాలు తీవ్రంగా ఉన్నాయని గ్రహించాలి. వీలైతే పనిని ఉదయం, సాయంత్రాలకు మార్చుకోవాలి.
* దగ్గరి నేత గల పొడుగు చేతుల బట్టలు, చెవులను, మెడను కప్పే టోపీ లేక తలగుడ్డ వాడాలి.
* సన్‌స్క్రీన్ లేపనం వాడేవారు ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు పైబడినది ఎంచుకొని, రెండు గంటలకొకసారి మరల రాయాలి. ఇది బట్టలకు ప్రత్యామ్నాయం కాదు.
* పుట్టుకతో మెలనిన్ లేనివారికి ఎక్కువ జాగ్రత్త కావాలి. అటువంటి పిల్లలను పాఠశాలలో ఎండ పడని చోట కూర్చోబెట్టాలి. బొల్లి మచ్చలు కూడా త్వరగా కములుతాయి.
* నెలకొకసారి స్నానం తరువాత అరికాళ్ళు, గోళ్ళు, పాత మచ్చలు చూసుకోవాలి. అరికాలి మెలనోమాను లేపనం ఆపలేదు, కన్ను మాత్రమే పసిగట్టగలదు.

ఎండను పూర్తిగా మానవలసిన పని లేదు. విటమిన్ డి తయారీకి ఎండ అవసరం. చర్మం నల్లగా ఉన్నవారికి ఆ తయారీకి ఎక్కువ సమయం పడుతుంది.

ఇవి కూడా చూడండి

* చర్మము
* క్యాన్సర్
* బొల్లి
* వడదెబ్బ
* కొల్లేరు సరస్సు