రాకెట్టు పంపని క్లాక్

శ్రీహరికోట 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాది. అక్కడ లేచిన రాకెట్టు తన ఉష్ణోగ్రతలూ పీడనాలూ ఒకట్లు, సున్నాలుగా కిందికి పంపుతుంది. ఏ బిట్ ఎక్కడ మొదలైందో చెప్పే క్లాక్‌ను మాత్రం పంపదు. దాన్ని వచ్చిన సిగ్నల్‌లోంచే రాబట్టుకోవాలి. ఆ పని చేసే పరికరాన్ని టెలిమెట్రీ వాళ్లు బిట్ సింక్రొనైజర్ అంటారు, చిప్‌లు చేసేవాళ్లు సీడీఆర్ (క్లాక్ అండ్ డేటా రికవరీ) అంటారు.

ఈ తిప్పలు టెలిగ్రాఫ్ నాటివే. 1932లో ఫ్రాన్స్‌లో బెల్‌సీజ్ అనే ఇంజినీరు వివరించిన, వచ్చిన సిగ్నల్ లయకు తన ఆసిలేటర్‌ను సరిదిద్దుకుంటూ పోయే ఫేజ్ లాక్‌డ్ లూప్ తర్వాత దీనికి పెద్ద దిక్కయింది. 1962లో అమెరికాలో బెల్ సంస్థ వేసిన టీ1 డిజిటల్ ఫోన్ లైన్లలో సెకనుకు 15.44 లక్షల బిట్లు పరుగెత్తేవి. దారిలోని రిపీటర్లు కాయిల్, కెపాసిటర్లతోనే క్లాక్ పట్టేవి. వరసగా సున్నాలొస్తే కాయిల్‌లోని ఊపు చచ్చిపోయేది. అందుకే సున్నాల గుంపును మధ్యలో విరిచే కోడ్‌లు పుట్టాయి.

1975 ఏప్రిల్ 19న మన ఉపగ్రహం ఆర్యభట్ట రష్యా నుంచి ఎగిరింది. దాని సమాచారం అందుకున్న కేంద్రాల్లో శ్రీహరికోట ఒకటి. అదే ఏడు అలెగ్జాండర్ అనే ఇంజినీరు క్లాక్ రాబట్టడంపై ఓ చిన్న వ్యాసం అచ్చేశాడు. నా లెక్కలో అసలు మలుపు అదే. అందులోని పద్ధతి ఇది: రెండు బిట్ల నడిమధ్యల్లో ఒక్కో శాంపిల్, వాటి మధ్య అంచున మరొకటి. బిట్లు రెండూ వేరై, అంచు శాంపిల్ ముందు బిట్‌ను పోలితే క్లాక్ తొందరపడింది, తర్వాతి దాన్ని పోలితే వెనకబడింది. రెండు బిట్లూ ఒకటే అయితే తేలేదేమీ లేదు. కొలతతో పనిలేదు, లాజిక్ గేట్లు చాలు.

ఆకాశంలో చిక్కు ఇంకోటుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో దూరమయ్యే వస్తువు సెకనుకు పంపే పది లక్షల బిట్లలో 25 తక్కువగా చేరతాయి. డాప్లర్ మహిమ. లూప్ దాన్ని వెంటాడాల్సిందే. తమాషా ఏమిటంటే, తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్‌కు ఆ డాప్లరే కావాలి, గాలి వేగం తెలిసేది దానితోనే. పంపేదీ అందుకునేదీ ఒకే ఆసిలేటర్ కాబట్టి అక్కడ క్లాక్ వెతుక్కోనక్కర్లేదు.

1986లో గార్డ్‌నర్ అనే ఇంజినీరు బిట్‌కు రెండు శాంపిళ్లతో సమయం తప్పును లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. ఇలాంటి లెక్కలు చేతికొచ్చాక సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఏడీసీ క్లాక్‌ను సవరించడం మానేసి, శాంపిళ్ల మధ్య విలువను గణించడం మొదలైంది. లూప్ అంతా అంకెల్లోకి వచ్చి ఎఫ్‌పీజీఏ అనే చిప్‌లో కూర్చుంది.

పది గిగాబిట్ల ఫైబర్‌లో బిట్ బతికేది 100 పికోసెకన్లు. అక్కడ అలెగ్జాండర్ ‘ముందా, వెనకా’ ఇంకా చెల్లుతోంది. అంతకంటే వేగమైన లింకుల్లో ఏడీసీలు కరెంటు బాగా తాగుతాయి. అందుకే ముల్లర్ పేరున్న ఇద్దరు 1976లో చెప్పిన, పంపే ఒక్కో సంకేతానికి (సింబల్‌కు) ఒకే శాంపిల్‌తో సరిపెట్టే పద్ధతి డేటా సెంటర్ చిప్‌లలోకి మళ్లీ వచ్చింది.