చుక్కలు ఎటూ పోలేదు: ఎర్ర లైటు వెనక చరిత్ర



పోయిన సెలవుల్లో మా ఊళ్లో ఒక రాత్రి కరెంటు పోయింది. పిల్లలతో కలిసి మంచాల మీద పడుకుని పిల్లలకోడిలో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెడుతున్నాం. ఇంతలో ఒక తమ్ముడు ఫోన్ టార్చి వేశాడు. ఒక్క క్షణమే. ఆపేశాక చూస్తే సగం చుక్కలు లేవు! "ఎటు పోయినయ్ అన్నా?" అని అడిగాడు. చుక్కలు ఎటూ పోలేదు, మన కన్నే చెదిరింది. ఎందుకో తెలుసుకోడానికి మనుషులకి వందేళ్ల పైనే పట్టింది.

ముందు విలియం హెర్షెల్ గురించి. జర్మనీ నుంచి ఇంగ్లండుకి వలస వెళ్లిన సంగీతకారుడు. సొంతంగా టెలిస్కోపులు చేసుకుని 1781లో యురేనస్‌ని కనిపెట్టాడు. మసకగా ఉండేవి కనబడాలంటే కన్ను దాదాపు 20 నిమిషాలు చీకట్లో ఉండాలని ఆయన గమనించాడు. మరి చూసింది రాసుకోడానికి దీపం కావాలి కదా? ఆ పని చెల్లెలు కరొలైన్ చేసింది. ఆమె కిటికీ దగ్గర దీపం పెట్టుకుని కూర్చునేది. అన్న బయట చీకట్లోంచి కేకేసి చెప్తే రాసేది. అట్లా 20 ఏళ్లలో దాదాపు 2,500 నెబ్యులాలు, నక్షత్ర గుంపులు లెక్కకొచ్చాయి. కరొలైన్ సొంతంగా 8 తోకచుక్కలు కూడా కనిపెట్టింది.

మరి తోడు లేనివాళ్లు ఏం చేయాలి? జవాబు ఎర్ర రంగులో దొరికింది.

చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే తెల్లవారుజామున ఒక వింత చూశాడు. పగలు మెరిసే ఎర్ర రంగు ఆ మసక వెలుగులో నల్లగా ఉంది, నీలం మాత్రం ముందే తేలిపోయింది. దీన్ని 1825లో అచ్చు వేశాడు. 1866లో జర్మనీలో మాక్స్ షుల్జ్ కారణం చెప్పాడు. మన కంట్లో రెండు రకాల కణాలున్నాయి. శంకువులు పగటికి, రంగులకి. దండాలు చీకటికి. గుడ్లగూబ కంట్లో దండాలే ఎక్కువ. మన కంట్లో దండాలు సుమారు 12 కోట్లు, శంకువులు 60 లక్షలు.

1876లో ఫ్రాంజ్ బోల్ కప్ప కన్ను కోసి చూస్తే లోపలి పొర ఎర్రగా ఉంది, వెలుగు తగిలితే వెలిసిపోయింది. అదే రొడాప్సిన్. చీకట్లో అది నెమ్మదిగా మళ్లీ తయారవుతుంది. అందుకే అరగంట ఆగాలి. ఎర్ర వెలుగుని రొడాప్సిన్ దాదాపు పీల్చుకోదు, శంకువులకి మాత్రం అది కనబడుతుంది. కాబట్టి ఎర్ర లైటులో పుస్తకం చదివినా దండాల పని పెద్దగా చెడదు.

దీన్ని ముందు వాడింది డాక్టర్లు. అప్పట్లో ఎక్స్‌రే తెర చాలా మసకగా ఉండేది. గదిలో చాలాసేపు చీకట్లో కూర్చోకుండా 1916లో ట్రెండలెన్‌బుర్గ్ ఎర్ర కళ్లద్దాలు తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రి పైలట్లకీ అవే ఇచ్చారు. ఎర్ర గీతలున్న మ్యాపు మాత్రం ఎర్ర లైటులో పనికిరాదు, గీతలు మాయమైపోతాయి!

ఇప్పుడు మన సంగతి. రొడాప్సిన్ తయారవ్వాలంటే విటమిన్ ఎ కావాలి. జార్జ్ వాల్డ్ 1933లో కంటి లోపలి పొరలో అది ఉందని కనిపెట్టాడు, 1967లో నోబెల్ వచ్చింది. అది తక్కువైతే రేచీకటి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని ఆధారంగా 1970లో పిల్లలకి విటమిన్ ఎ మందు ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. కాబట్టి మీ గూడెంలో ఏ పిల్లయినా సాయంత్రమైతే తడుముకుంటుంటే నవ్వకండి. ఆశా అక్కకి చెప్పండి. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు పెట్టండి.

చుక్కలు చూసేటప్పుడు టార్చికి ఎర్ర సెల్లోఫేన్ రెండు మూడు పొరలు చుట్టండి. అది కూడా మసకగా ఉండాలి, ఎర్రదైనా గట్టి వెలుగు చెడగొడుతుంది. ఫోన్ జేబులోనే ఉంచండి.

"మీ ఊళ్లో ఏముంది, చీకటే కదా" అని కాలేజీలో ఒకరు అన్నారు. అప్పుడు జవాబు రాలేదు. ఇప్పుడు చెప్తా: ఆ చీకటి కోసం హెర్షెల్ రాత్రుళ్లు ఎదురుచూశాడు. మనకి అది ఇంటి ముందే ఉంది.

ఈసారి ఊరికి వెళ్తే అరగంట ఆగి చూడండి. ఎన్ని చుక్కలు కనబడ్డాయో కింద రాయండి. జోహార్.