తండ్రి పేరున్న కోటలో

గ్రెనడాలో మారిస్ బిషప్ గద్దెనెక్కింది ఓట్లతో కాదు. 1979 మార్చి 13న, ప్రధాని ఎరిక్ గేరీ దేశంలో లేనప్పుడు, తుపాకులతో. జనం మాత్రం సంబరపడ్డారు. 1974లో బిషప్ తండ్రి రూపర్ట్‌ని కాల్చి చంపింది గేరీ పోలీసులే మరి. రాజధాని సెయింట్ జార్జెస్‌లోని కోటకి కొత్త ప్రభుత్వం ఆ తండ్రి పేరే పెట్టింది.

ఉచిత సెకండరీ చదువు వచ్చింది, క్యూబా సాయంతో విమానాశ్రయం లేచింది. ఎన్నికలే జరగలేదు. నన్నడిగితే అసలు చిక్కు అక్కడే. 1983 అక్టోబర్‌లో సొంత పార్టీలోని బెర్నార్డ్ కోర్డ్ వర్గం ఆయన్ని గృహనిర్బంధంలో పెడితే, కాదనడానికి జనం చేతిలో ఓటు లేదు, వీధి ఒక్కటే ఉంది. 19న వేలమంది వెళ్లి విడిపించి, ఆ కోటకే తీసుకెళ్లారు. వెనకాలే సైనికులొచ్చారు. బిషప్‌నీ, విద్యామంత్రి జాక్విలిన్ క్రెఫ్ట్‌నీ, మరికొందరినీ గోడకి నిలబెట్టి కాల్చేశారు. ఆరు రోజులకి అమెరికా సైన్యం దిగింది. బిషప్ శవం దొరకనే లేదు.