తృణకాంతమణి నుండి విద్యుద్దీపం వరకు



మాఘమాసంలో మా మదనపల్లెలో గాలి పొడిబారి ఉంటుంది. ప్రాతఃకాలపూజ ముగించి పట్టుపంచె విడిచేటప్పుడు చిటపట ధ్వని వినబడుతుంది, ముంజేతి రోమాలు వస్త్రం వైపు లేస్తాయి. ఈ విషయం ప్రస్తావనకు రాగా ఆలయానికి వచ్చిన ఒక విద్యార్థి, "స్వామీ, మన మునులు ఆనాడే బ్యాటరీ చేశారని ఫోనులో వచ్చింది. నిజమేనా?" అని అడిగాడు.

అగస్త్యమహర్షి పేరిట ప్రచారంలో ఉన్న ఆ శ్లోకాలను నేను గురుముఖతః వినలేదు. కనుక వాటిని ప్రమాణమని చెప్పలేను. మన శాస్త్రాలలో నిశ్చయంగా ఉన్నదేమిటో చెబుతాను.

వైశేషికసూత్రాల పంచమాధ్యాయంలో కణాదమహర్షి సూది అయస్కాంతం వైపు కదలడాన్ని పేర్కొని, దానికి కారణం 'అదృష్టం' అన్నాడు. ఇక్కడ అదృష్టమంటే లోకవ్యవహారంలోని భాగ్యం కాదు, కంటికి కనబడని కారణం. వ్యాఖ్యాతలు దానిని ధర్మాధర్మ సంస్కారంగా వివరించారు. పదిహేనవ శతాబ్దికి చెందిన శంకరమిశ్రుడు తన ఉపస్కారవ్యాఖ్యలో, గడ్డిపరకలు తృణకాంతమణి వైపు పోవడాన్ని కూడా ఇక్కడే చేర్చాడు. ఆ మణినే గ్రీకులు 'ఎలెక్ట్రాన్' అన్నారు. 'ఎలక్ట్రిసిటీ' అనే పదం దాని నుండి పుట్టినదే.

మరొకవైపు, మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో తేజస్సును భౌమం, దివ్యం, ఔదర్యం, ఆకరజం అని నాలుగుగా విభజించి, మెరుపును దివ్యతేజస్సులో ఉంచాడు. తృణాకర్షణం ఒకచోట, మెరుపు వేరొకచోట నిలిచాయి. రెండూ ఒకటేనని ఎవరూ అనలేదు.

ఆ ఐక్యం తరువాత ప్రయోగం వలన తేలింది. 1733లో ఫ్రాన్సులో డ్యుఫే, ఘర్షణం వలన కలిగే ఆవేశం రెండు విధాలనీ, సజాతీయాలు వికర్షించుకుంటాయనీ, విజాతీయాలు ఆకర్షించుకుంటాయనీ చూపాడు. ఫ్రాంక్లిన్ వాటికి ధన, ఋణ సంజ్ఞలు ఇచ్చాడు. ఆయన సూచించిన ప్రయోగాన్ని 1752లో ఫ్రాన్సులో చేసి, మేఘంలోని మెరుపూ రాపిడిలోని స్ఫులింగమూ ఒకే తత్త్వమని నిరూపించారు. మెరుపునకు పేరైన 'విద్యుత్' శబ్దం నేడు రెండింటికీ చెల్లడం ఎంత సముచితం! 1800లో వోల్టా జింకు, వెండి బిళ్ళల నడుమ ఉప్పునీట తడిపిన అట్టలు పేర్చి, నిరంతరప్రవాహాన్ని సాధించాడు.

ఘర్షణం ఆవేశాన్ని సృష్టించదు, ఉన్నదానిని వేరుచేస్తుంది. మణి సమీపంలో గడ్డిపరకలోని ఆవేశాలు స్వల్పంగా సర్దుకొని, విజాతీయం దగ్గరగా వస్తుంది. అందుకే ఆకర్షణం. గడ్డిపరకల కదలికకు శంకరమిశ్రుడు అదృష్టమన్న కారణం ఇదే.

ఆ విద్యార్థి చేత ఒక టార్చిసెల్, రెండు తీగలు, చిన్న బల్బు తెప్పించాను. ప్రదక్షిణం బయలుదేరినచోటికి చేరినప్పుడే పూర్తి అవుతుంది. అలాగే తీగ సెల్ ధనాగ్రం నుండి బల్బు మీదుగా ఋణాగ్రాన్ని చేరితేనే దీపం వెలిగింది. మార్గంలో ఎక్కడ తెంచినా ఆరిపోయింది. ఆ ఖాళీలో తాళంచెవి ఉంచితే వెలిగింది, తులసిపూస ఉంచితే వెలగలేదు. ఒకటి వాహకం, మరొకటి అవాహకం. ఈ పరీక్ష ఒకటిన్నర వోల్టు సెల్‌తో మాత్రమే చేయాలి. ఇంటి ప్లగ్గుతో చేస్తే ప్రాణాపాయం.

కారణం కనబడనిచోట కనబడదని చెప్పడం ఋషిత్వం. లేని బ్యాటరీని ఋషులకు అంటగట్టడం వారికి గౌరవం కాదు. ప్రమాణం లేని స్తుతి నిందతో సమానం. ఫోనులో వచ్చినదాన్ని నలుగురికి పంపేముందు సాధకుడు ప్రమాణం అడగాలి. సత్యనిష్ఠ లేని భక్తి తెగిన తీగ వంటిది, దానితో దీపం వెలగదు.

శుభం భూయాత్.