పవర్ ఉన్నా గిరాకీ లేదు: చేతి వీడియో గేమ్ పుట్టుపూర్వోత్తరాలు

సెల్‌ఫోన్లు ఇంటింటికీ రాకముందు మాచవరం లాంటి పల్నాడు ఊళ్లలో చేతి వీడియో గేమ్ అంటే బ్రిక్ గేమే. కోటప్పకొండ తిరునాళ్లలోనో, పిడుగురాళ్ల ఫ్యాన్సీ షాపులోనో మారాం చేసి కొనిపించుకునేది. డబ్బా మీద 9999 ఆటలని రాసి ఉండేది. ఆడి చూస్తే అసలైనవి కొన్నే, మిగతావి వాటికే స్పీడు మార్చిన నకళ్లు. రంగుల్లేవు, నల్ల గళ్లు తప్ప బొమ్మల్లేవు. పెన్సిల్ సెల్స్ వేస్తే మాత్రం రోజుల తరబడి నడిచేది.

ఇటుకలు పేర్చే ఆ ఆట పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. చేతిలో ఇమిడే వీడియో గేమ్‌కు ఊపు తెచ్చింది నింటెండో ఇంజనీరు గున్‌పే యోకోయ్. 1980లో ఆయన తెచ్చిన 'గేమ్ అండ్ వాచ్'కు వాడింది క్యాలిక్యులేటర్లలో ఉండే రకం తెరే. అప్పుడే పుట్టిన ఖరీదైన టెక్నాలజీ జోలికి పోకుండా, బాగా చవకబడినదాన్నే కొత్త పనికి వాడటం ఆయన పద్ధతి. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ కూడా అంతే: నాలుగు ఛాయల తెర, లోపల లైటు లేదు. నాలుగు సెల్స్‌తో పది గంటలకు పైగా ఆడుకోవచ్చు. అమెరికాలో ధర 89.95 డాలర్లు, టెట్రిస్ దాంతోపాటే.

అదే ఏడాది అటారీ లింక్స్, 1990లో సేగా గేమ్ గేర్ వచ్చాయి. రెండింటికీ రంగుల తెర, వెనక లైటు. పక్కన పెడితే గేమ్‌బాయ్ వెలవెలబోయేది. కానీ ఆరేసి సెల్స్ వేస్తే నాలుగైదు గంటలకే ఖాళీ! పిల్లాడి సరదా తండ్రికి తడిసి మోపెడైంది. గేమ్ గేర్ కోటి పైచిలుకు అమ్ముడైతే, గేమ్‌బాయ్, దాని కలర్ మోడల్ కలిసి 11.8 కోట్లు దాటాయి.

2011 డిసెంబరులో జపాన్‌లో సోనీ విడుదల చేసిన ప్లేస్టేషన్ వీటాది ఇదే కథ. అయిదంగుళాల ఓఎల్ఈడీ తెర, నాలుగు కోర్ల ప్రాసెసర్, వీపున కూడా టచ్. అమెరికాలో వైఫై మోడల్ 249 డాలర్లు. అసలు దెబ్బ మెమరీ కార్డు దగ్గర పడింది. బజారులో దొరికే కార్డు అందులో పట్టదు, సోనీ సొంత కార్డే కొనాలి. 32 జీబీ కార్డుకే వంద డాలర్లు! పోటీదారు నింటెండో 3డీఎస్ అప్పటికే 250 నుంచి 170 డాలర్లకు దిగింది. వీటా అంతంత మాత్రంగా అమ్ముడవుతుంటే పెద్ద కంపెనీలు దానికి ఆటలు చేయడం తగ్గించాయి. ఆటలు రాకపోయేసరికి కొనేవాళ్లు మరీ తగ్గారు. 2019లో తయారీ ఆగిపోయింది.

ఈలోగా జేబులో చోటు ఫోన్ ఆక్రమించింది. మన దగ్గర 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2018లో పబ్జీ మొబైల్ ఉచితంగా దిగింది. 2020 సెప్టెంబరులో కేంద్రం దాన్ని నిషేధిస్తే కుర్రాళ్లు వేరే ఆటకు మారారే గానీ, గేమ్ మెషీన్లు కొనలేదు. ఫోన్ ఎలాగూ కొనాల్సిందే, ఆట దాని మీద కొసరు. ఆటకే పనికొచ్చే వస్తువుకు విడిగా డబ్బు పెట్టించాలంటే ప్రాసెసర్ గొప్ప చెబితే చాలదు. ఛార్జింగ్ ఎంతసేపు, కార్డు ఎంత, ఆటలు ఎన్ని అన్న మూడు ప్రశ్నలకు దుకాణదారు దగ్గర జవాబుండాలి.