ఎర్ర సిలిండర్ వెనుక ఒక కెప్టెన్

1813లో స్కాట్లాండ్ రాజధాని ఎడింబరోలో ఓ భవనం అంటుకుంది. ఆ ఊరి పాత పేటలో ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఎన్నో అంతస్తులు లేచి ఉంటాయి. మంట పై అంతస్తుల్లో ఉంది. కింద మనుషులున్నారు, పంపులున్నాయి. నీటిధార మాత్రం అంత ఎత్తుకు అందలేదు. చూస్తున్నవాళ్లలో జార్జ్ విలియం మ్యాన్బీ అనే కెప్టెన్ ఒకరు. ఆయనకో ఆలోచన వచ్చింది. ధార పైకి వెళ్లలేకపోతే, మనిషే నీళ్లు భుజాన వేసుకుని మెట్లెక్కి మంట దగ్గరికి వెళ్లకూడదా? ఇవాళ మన ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ కథ అక్కడ మలుపు తిరిగింది.

చెయ్యి అందని చోటికి సాయం అందించడం మ్యాన్బీకి అప్పటికే అలవాటైన పని. ఆయన 1765లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో, డెన్వర్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి సైన్యంలో కెప్టెన్. కొడుకు మిలీషియాలో చేరి అదే హోదాకు ఎదిగారు. 1803లో, నెపోలియన్ దండెత్తి వస్తాడని ఇంగ్లండ్ కలవరపడుతున్న రోజుల్లో, ఆయన రాసిన ఓ చిన్న పుస్తకం యుద్ధమంత్రికి నచ్చింది. ఆ మెప్పుతో గ్రేట్ యార్మత్ రేవు పట్టణంలో బారక్ మాస్టర్ ఉద్యోగం వచ్చింది. సైనికుల బసలు చూసుకునే పని అది.

1807 ఫిబ్రవరి 18న ఆ రేవు దగ్గరే స్నైప్ అనే నౌకాదళ ఓడ తుపానులో చిక్కి ఇసుకలో కూరుకుపోయింది. ఒడ్డుకు వంద గజాలు కూడా లేదు. కానీ ఆ అలల్లో పడవ వేసే వీల్లేకపోయింది. జనం చూస్తుండగానే 67 మంది ప్రాణాలు పోయాయి.

ఆ తర్వాత మ్యాన్బీ మోర్టార్ మీద పడ్డారు. మోర్టార్ అంటే గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగి. గుండుకు తాడు కట్టి ఓడ మీదుగా పేలిస్తే, ఆ తాడు పట్టుకుని ఓడలోవాళ్లు బయటపడొచ్చు. చెప్పుకోవడానికి తేలికే. చేయబోతే తుపాకిమందు మంటకు తాడు కాలిపోయింది. గొలుసు కడితే పేలుడు అదురుకు తెగిపోయింది. చివరికి పచ్చితోలు పట్టీలను జడలా అల్లి, గుండుకూ తాడుకూ నడుమ కడితే నిలిచింది. 1808 ఫిబ్రవరి 12న ఎలిజబెత్ అనే ఓడలోని ఏడుగురు దాంతో ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. ఆయన పోయేనాటికి ఈ మోర్టార్ వల్ల బతికినవాళ్లు వెయ్యిమంది దాకా ఉంటారని అంచనా.

ఎడింబరో మంటను చూసింది అలాంటి కళ్లే. ఆయన తయారుచేసిన సాధనం పేరు ఎక్స్‌టింక్టర్. అదొక రాగి సిలిండర్. అందులో మూడు గ్యాలన్లు, అంటే దాదాపు పదమూడున్నర లీటర్ల ద్రావణం పోసి, మిగిలిన ఖాళీలోకి పంపుతో గాలి కూరేవారు. నొక్కిపట్టిన ఆ గాలే లోపలి బలం. కుళాయి తిప్పగానే అది ద్రావణాన్ని ధారగా బయటికి నెడుతుంది. పంపు కొట్టడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ధారను ఎటు తిప్పాలో మోసుకెళ్లినవాడి ఇష్టం.

ద్రావణంలో కలిపింది పొటాషియం కార్బొనేట్. కట్టెల బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ తేటను మరగకాచి తీసే క్షారమిది. మంట మిగిల్చిన బూడిదతోనే మంటను ఆర్పించారన్నమాట. నీళ్లు చల్లబరుస్తాయి. పొటాషియం లవణాలు జ్వాలలో జరిగే రసాయన చర్యల గొలుసును తెంపుతాయి. ఈ రెండో సంగతిని శాస్త్రం ఆ తర్వాత ఎంతో కాలానికి గానీ తేల్చలేదు.

మంటలార్పే పరికరం చేయాలన్న ఆలోచన అంతకుముందూ ఉంది. 1723లో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆంబ్రోస్ గాడ్‌ఫ్రీ ఒకదానికి పేటెంట్ తీసుకున్నారు. ద్రవం నింపిన పీపా మధ్యలో తుపాకిమందు ఉంటుంది. వత్తి అంటిస్తే పేలి ద్రవం చిమ్ముతుంది. కానీ పేలాక మనిషి చేయగలిగింది ఏమీ లేదు. మ్యాన్బీ తెచ్చిన మార్పు అక్కడే ఉంది. ధార ఆయుష్షూ దాని దిశా మనిషి చేతికి వచ్చాయి. పెద్ద మంటను ఆర్పడం కన్నా, అది చిన్నగా ఉన్నప్పుడే చేరుకోవడం మేలన్నది ఆయన వాదన. ఇలాంటి సిలిండర్లను తేలికపాటి బండి మీద పెట్టి పరుగున తీసుకెళ్లాలన్నారు. మంటల్లో చిక్కి పైనుంచి దూకేవాళ్లను పట్టే దుప్పటినీ రూపొందించారు.

ఆ రోజుల్లో లండన్‌లో మంటలార్పే దళాలను నడిపింది బీమా కంపెనీలు. దేశమంతటికీ ఒక అగ్నిమాపక దళం ఉండాలని మ్యాన్బీ వాదించారు. ప్రభుత్వం వినలేదు. అయితే 1824లో ఎడింబరో నగరమే తన సొంత దళాన్ని పెట్టుకుంది. దానికి అధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. వీధిలో నిలబడి నీళ్లు చిమ్మితే చాలదు, లోపలికి వెళ్లి మంట మొదట్లో కొట్టాలన్నది ఆయన తన మనుషులకు నేర్పిన పాఠం. మ్యాన్బీ ఆలోచనా సరిగ్గా అదే.

1831లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ మ్యాన్బీని ఫెలోగా తీసుకుంది. గౌరవం దక్కింది గానీ డబ్బు నిలవలేదు. చివరి రోజుల్లో బ్రిటిష్ నౌకాదళ వీరుడు నెల్సన్ మీద అభిమానంతో తన ఇంటిని నెల్సన్ జ్ఞాపకాల ప్రదర్శనశాలగా మార్చి, తాను కింది గదుల్లో సర్దుకున్నారు. 1854 నవంబర్ 18న కన్నుమూశారు. నార్ఫోక్‌లోని హిల్గే ఊరి చర్చిలో ఆయన పేర పెట్టిన ఫలకం మీద ఓ నిష్ఠూరం చెక్కి ఉంది. ఈ నివాళి ప్రజలు అర్పించి ఉండాల్సిందని దాని సారాంశం.

మ్యాన్బీ తర్వాతా సిలిండర్ మారుతూ వచ్చింది. 1866లో ఫ్రాన్స్‌లో కార్లియే అనే ఆయన, వంటసోడాను ఆమ్లంతో కలిపి పుట్టే వాయువుతో నీళ్లు నెట్టే సిలిండర్ తెచ్చారు. తర్వాత నురగ, పొడి, కార్బన్ డయాక్సైడ్ రకాలు వచ్చాయి. అయినా ముందే ఒత్తిడి నింపి ఉంచే మ్యాన్బీ పద్ధతి పోలేదు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఆ తరహావే. సిలిండర్ మెడ దగ్గర మీటరులో ముల్లు పచ్చగీతలో ఉందంటే లోపల ఒత్తిడి సరిపడా ఉన్నట్టు. పొటాషియం కూడా తిరిగొచ్చింది. పెద్ద హోటళ్ల వంటగదుల్లో మరిగే నూనె అంటుకుంటే వాడే ప్రత్యేక సిలిండర్లలో ఉండేది పొటాషియం లవణాల ద్రావణమే. అది కాగే నూనెతో కలిసి సబ్బులాంటి పొరగా మారి, మంటకు గాలి తగలనివ్వదు.

ఇన్ని మారినా ఒకటి మాత్రం మారలేదు. దాన్ని అందుకుని మంట దగ్గరికి వెళ్లేది మనిషే. అందుకే సిలిండర్ కొని గోడకు తగిలించడంతో పని పూర్తికాదు. అది ఏ రకం మంటకు పనికొస్తుందో, పిన్ను ఎలా లాగాలో, ఎప్పుడు వదిలేసి బయటికి పరుగెత్తాలో వాచ్‌మన్‌కూ, వంటమనిషికీ, ఇంట్లోవాళ్లకూ నేర్పితేనే మ్యాన్బీ పడ్డ శ్రమ మనకు అక్కరకొస్తుంది.