పిక్సెల్ ఆర్ట్: పాత వీడియో గేముల బొమ్మల చరిత్ర

కంప్యూటర్ తెర మీద బొమ్మను ఒక్కో చుక్క చొప్పున చేత్తో పేర్చి తయారుచేసే చిత్రకళను పిక్సెల్ ఆర్ట్ అంటారు. 1970ల చివర వీడియో గేములతో పాటు ఎదిగి, 1990ల నడుమ దాకా ఆ రంగాన్ని ఏలింది. పేరు మాత్రం 1982లో, జిరాక్స్ పార్క్ పరిశోధనశాలకు చెందిన అడెల్ గోల్డ్‌బెర్గ్, రాబర్ట్ ఫ్లెగల్ రాతతో అచ్చులోకి వచ్చింది. ఇవాళ ఆ మాట వినగానే అంచులు మెట్లుమెట్లుగా ఉన్న గళ్ళ బొమ్మ గుర్తొస్తుంది. పోచంపల్లి చీర మీది ఏనుగును దగ్గరగా చూస్తే అంచులు అలాగే ఉంటాయి. ఆ నమూనానూ ముందు గ్రాఫ్ కాగితం మీదే గీస్తారు. అయితే ఆ గళ్ళను మెచ్చుకుంటున్నవి ఇప్పటి కళ్ళు. ఆనాటి చిత్రకారులు వాటిని కనబడనివ్వకుండా చేయడానికే పాటుపడ్డారు.

తొలి యంత్రాలు

1977లో అమెరికాలో వచ్చిన అటారీ 2600కు ఉన్న ర్యామ్ 128 బైట్లు. తెర మొత్తాన్ని దాచుకునే చోటు అందులో లేదు. టీవీలోని ఎలక్ట్రాన్ కిరణం గీత తరవాత గీత గీసుకుంటూ పోతుంటే, ప్రోగ్రామర్ రాసిన కోడ్ దానితో సమానంగా పరుగెత్తి, వచ్చే గీతలో ఏముండాలో అప్పటికప్పుడు అందించాలి. ఆటగాడి బొమ్మ వెడల్పు 8 చుక్కలు, ఒక గీతలో దానికి ఒకే రంగు. గీత మారినప్పుడు మాత్రం రంగూ మార్చుకోవచ్చు. అటారీ ఆటల్లో ఆకాశాలు, మనుషుల బట్టలు అడ్డచారలుగా ఉండడానికి కారణం ఇదే. డేవిడ్ క్రేన్ 1982లో చేసిన పిట్‌ఫాల్ ఆటలో హ్యారీ తల, చొక్కా, కాళ్ళు వేర్వేరు రంగుల్లో ఉండడమూ ఈ వెసులుబాటు పుణ్యమే.

జపాన్‌లో తైటో సంస్థ ఉద్యోగి తొమొహిరో నిషికాడో 1978లో స్పేస్ ఇన్వేడర్స్ తెచ్చాడు. మనుషులను కాల్చే ఆట తగదని గ్రహాంతరవాసులను ఎంచుకుని, వాటికి ఆక్టోపస్, పీత, స్క్విడ్ ఆకారాలు ఇచ్చాడు. తెర నలుపు తెలుపే కనుక దాని మీద రంగు సెల్లోఫేన్ పట్టీలు అతికించి రంగుల భ్రమ కల్పించారు. మొదట 55 శత్రువులు ఉంటాయి. అవి చచ్చేకొద్దీ ప్రాసెసర్ మీద బరువు తగ్గి, మిగిలినవి వేగంగా కదలసాగాయి. నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచాడు; ఆటలోని ఉత్కంఠ అంతా ఆ వేగంలోనే ఉంది.

మారియో మీసం

గడి చిన్నదైతే బొమ్మ ఎలా పుడుతుందో చెప్పడానికి 1981 నాటి డాంకీ కాంగ్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆ ఆట నాయకుడు మారియోను గీయడానికి నింటెండో చిత్రకారుడు షిగెరు మియమోతో దగ్గర ఉన్నది అటూ ఇటూ 16 చుక్కల చదరం. అంతలో నోరు గీస్తే ముఖం అర్థం కాదు, అందుకని పెద్ద ముక్కు పెట్టి దాని కింద మీసం గీశాడు. గెంతినప్పుడు జుట్టు ఎగరడం చూపించడం కష్టమని టోపీ తొడిగాడు. పరుగెత్తేటప్పుడు చేతులు ఒంటి నుంచి వేరుగా కనబడాలని ఓవరాల్స్ వేశాడు. ఇంత ఇరుకులోంచి ఇంత స్పష్టమైన మనిషిని పుట్టించడం నిజంగా గొప్ప చిత్రకారుడి పని.

1983 జూలై 15న నింటెండో ఫామికామ్ అమ్మకానికి వచ్చింది. దాని తెరను 8×8 చుక్కల పలకలతో పేర్చాలి. కదిలే పలకకు మూడు రంగులు, మిగిలింది పారదర్శకం. 1985 సెప్టెంబర్ 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అందులో బొమ్మలకు దక్కినవి 8 కిలోబైట్లు, అంటే 512 పలకలు. పొదుపు ఎంతదాకా వెళ్ళిందంటే, ఆ ఆటలో ఆకాశంలోని మబ్బూ నేల మీది పొదా ఒకటే బొమ్మ. తెల్ల రంగు వేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద. ఒక గీతలో ఎనిమిదికి మించి కదిలే పలకలు కనబడవు కనుక, రద్దీ పెరిగితే వాటిని వంతులవారీగా చూపేవారు. పాత ఆటల్లో బొమ్మలు మిణుకుమిణుకుమనేది అందుకే.

అక్షరాలకూ ఇదే ఇబ్బంది. 8×8 పలకలో జపాన్ లిపి కటకానా అక్షరం పడుతుంది. అయినా 1986లో డ్రాగన్ క్వెస్ట్ చేసినవారు చోటు చాలక కటకానాలో కొన్ని అక్షరాలే ఉంచుకుని, వాటితో రాయగలిగే పేర్లే పెట్టారు. గుణింతాలూ వత్తులూ ఉన్న తెలుగు లిపికి అంత గడి ఏమూలకూ చాలదు.

గాజు తెర చేసిన పని

ఆ బొమ్మలన్నీ పిక్చర్ ట్యూబ్ టీవీల కోసం గీసినవి. ఆ తెర మీద చుక్క చతురస్రంగా ఉండదు. కాస్త వెలుగు చిమ్ముతూ పక్కదానిలో కలిసిపోతుంది. ఫామికామ్ చుక్క నిలువు కంటే అడ్డంగా ఎక్కువ సాగేది కూడా. 1991లో సెగా తెచ్చిన సోనిక్ ద హెడ్జ్‌హాగ్‌లో జలపాతం చూడండి. మెగా డ్రైవ్ యంత్రానికి నీళ్ళ వెనక ఉన్నదాన్ని లీలగా చూపే శక్తి లేదు. అందుకని చిత్రకారులు ఒక చుక్క వరస నీళ్ళు, ఒక వరస ఖాళీగా నిలువు చారలు గీశారు. మామూలు వీడియో తీగ గుండా వచ్చేసరికి చారలు ఒకదానిలో ఒకటి కరిగి పలచటి నీటి పొర అయ్యేవి. అదే ఆటను ఇప్పటి ఎల్‌సీడీ తెర మీద నేరుగా చూస్తే కంచె పుల్లల్లాంటి చారలే కనిపిస్తాయి. ఈ సంగతి తెలియకుండా ఆనాటి బొమ్మలను మొరటువని తీసిపారేయడం అన్యాయం.

పనిముట్లూ మారాయి. 1985లో డాన్ సిల్వా అమీగా కంప్యూటర్ కోసం రాసిన డీలక్స్ పెయింట్ గేమ్ చిత్రకారుల చేతి కుంచె అయింది. అందులో బొమ్మను కదపకుండా రంగుల వరసను తిప్పితే చాలు, ఏరు పారుతున్నట్టు ఉండేది. జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కు తెల్ల బట్టలు వేసి పరుగెత్తించి, గెంతించి వీడియో తీసి, ఆ ఫ్రేముల మీదుగా ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989) రాకుమారుణ్ణి గీశాడు.

ఈ ఆటలు మన పిల్లలకు చేరిన దారి వేరు. 1990లలో తెలుగు పట్టణాల్లో ఎక్కువమంది చూసింది ఫామికామ్‌ను అనుకరించిన చవక పెట్టెలనే. కాట్రిడ్జ్‌ను క్యాసెట్ అనేవారు. ఆట రాకపోతే తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టేవారు. మారియో, కాంట్రా అలా ఇంటింటి పేర్లయ్యాయి. కంప్యూటర్ ల్యాబుల్లో అయితే ప్రిన్స్, జాన్ రొమేరో చేసిన డేంజరస్ డేవ్.

వెనకబాటు, తిరిగి రాక

1994 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ వచ్చాక త్రీడీ ధాటికి చుక్కల బొమ్మలు పాతబడ్డాయి. చేతిలో పట్టుకునే గేమ్ బాయ్ వరస యంత్రాలే వాటిని బతికించాయి. తిరిగి వచ్చింది ఒంటరి మనుషుల వల్ల. దైసుకె అమయా అయిదేళ్ళు ఒక్కడే కూర్చుని చేసిన కేవ్ స్టోరీని 2004లో ఉచితంగా ఇచ్చాడు. ఎరిక్ బరోన్ ఒక్కడే చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో వచ్చింది. చిన్న జట్టు, చిన్న ఖర్చుతో అందమైన ఆట చేయగల మార్గంగా పిక్సెల్ ఆర్ట్ రెండోసారి నిలబడింది. 2012లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం సేకరించిన తొలి 14 గేముల్లో పాక్-మాన్, టెట్రిస్ ఉన్నాయి.

2014 నాటి షవెల్ నైట్ తయారీదారులు ఒక ఆసక్తికరమైన నిర్ణయం తీసుకున్నారు. ఫామికామ్ కాలపు ఆటలా కనబడాలి, కానీ మిణుకులు ఉండకూడదు, తెర వెడల్పుగా ఉండాలి, కావలసినచోట రంగులు కలుపుకోవచ్చు. అంటే ఆనాటి ఆటను కాకుండా ఆనాటి ఆట గురించిన జ్ఞాపకాన్ని గీశారు. మరోవైపు పాత ఆటలను ఇప్పటి యంత్రాల్లో నడిపే ఎమ్యులేటర్లు రాసేవారు పిక్చర్ ట్యూబ్ వెలుగునూ, గీతల మధ్య నలుపునూ, రంగులు ఒలికే తీరునూ లెక్కగట్టి అనుకరించే ఫిల్టర్లు తయారుచేస్తున్నారు. అవి వేసి చూస్తే సోనిక్ జలపాతం చారలు మళ్ళీ నీళ్ళవుతాయి.